రెండూళ్ళ ఊట

బుడ్డయ్యపేట,
సెప్టెంబరు 2015.

నేస్తానికి,

వందనాలు. ఈ ఉత్తరం ఎండు నెత్తళ్ళ వాసన కొడితే తప్పు నాది కాదు, కూర్మమ్మ గంపది. కళింగపట్నం సరుకు అమ్ముకుంటూ వారానికోసారి మీ ఊరూ మా ఊరూ తిరుగుతుంది కదా, ఇకమీదట మన టపా ఆవిడే. పోస్టులో వేస్తే సర్పంచి పేరున వచ్చిన కాగితమని మీ ఆయన, అదే మా బావ, విప్పేస్తాడు. ఫోను చేస్తే "ఆఁ, సెప్పండి, తోటవలస సర్పంచిని మాటాడతన్నాను" అంటాడు. అంత మీసం పెట్టుకుని సర్పంచినంటుంటే నాకు నవ్వాగదు. ఓట్లేమో నీకు, ఫోనేమో ఆయనకి.

మా కోడలు షాలిని మొన్న అడిగింది, "అత్తా, ఆవిడ పేరేటి? ఎప్పుడూ నేస్తం నేస్తం అంతావు" అని. ఆ పిల్లది పట్నం పెంపకం, ఈ సంగతులు తెలీవు. చీపురుపల్లి హాస్టల్లో ఉండగా మీ అమ్మ వచ్చి మనిద్దరికీ నేస్తం కట్టిందని చెప్పాను. నాకు బొట్టు పెట్టబోయి, క్రైస్తవుల పిల్లనని గుర్తొచ్చి, చేతిలో బెల్లం ముక్క పెట్టింది. "నేస్తం పేరు నోటంట రాకూడదు. నలుగురిలో నేస్తం మాటకి ఎదురు సెప్పకూడదు" అంది. ముప్పై ఏళ్ళు దాటింది, తప్పామా? మొగుళ్ళ మాటలకి ఎన్నిసార్లు ఎదురు చెప్పామో లెక్కే లేదు గానీ, ఇది మాత్రం తప్పలేదు.

ఇక అసలు సంగతి. పక్కపక్క పంచాయతీలు కలిసి పని చేసుకుంటే నిధులిచ్చే పథకం ఉందని ఇంజినీరు చెప్పాడు కదా, మా గ్రామసభలో తీర్మానం అయిపోయింది. జిల్లా గీత మన మధ్య గెడ్డలోంచి, ఆ వాగు ఇసుకలోంచి పోతోంది. అటు మీది విజయనగరం, ఇటు మాది శ్రీకాకుళం. నీళ్ళకి ఆ గీత తెలుసా? ఊట మీ వైపు బాగుంది కాబట్టి బావి మీ వైపు తవ్వుతారు, ట్యాంకు మీ మెరక మీద కడతారు, గొట్టాలు రెండూళ్ళకీ వేస్తారు. వాల్వు తాళం ఒక నెల మీ దగ్గర, ఒక నెల మా దగ్గర. ఇక గెడ్డలో ఎవరూ ఇంకో బోరు దింపకూడదు. ఇదే ఒప్పందం. మా నూకయ్య తాత రెండు చేతులూ ఎత్తేశాడు. ఒకటి చాలు తాతా అంటే, "నాకు నీలు రెండు సేతులా కావాల" అన్నాడు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, నాకు భయంగా ఉంది. షాలినికి నెలలు నిండుతున్నాయి. అయినా తెల్లారేసరికి బిందె పట్టుకుని రైతుల మోటారు షెడ్ల దగ్గర నిలబడుతోంది. నిన్న ఒకాయన, "పొలానికే సాలట్లేదు, పొండి పొండి" అని తోలేశాడట. సర్పంచి కోడలిని! నేను ఓట్లడిగినప్పుడు రోడ్డు వేయిస్తానన్లేదు, లైట్లు పెట్టిస్తానన్లేదు. పరాయి మోటారు దగ్గర బిందె పట్టుకుని దేబిరించే పని తప్పిస్తానన్నాను. వచ్చే ఎండాకాలానికి ఆ ఒక్క మాట నిలబెట్టుకోలేకపోతే నేను చర్చిలో తలెత్తుకుని కూర్చోలేను.

ఉమ్మడి సభ మీ స్కూల్లోనేనట. వేయించిన జీడిపప్పు పొట్లం సిద్ధంగా పెట్టు.

నీ నేస్తం

*

తోటవలస,
అక్టోబరు 2015.

నేస్తానికి,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. "ఏటే, నీలో నువ్వే నవ్వుతన్నావు" అన్నారు మావారు. కూర్మమ్మ చెప్పిన జోకు అన్నాను. కూర్మమ్మ మొహం చూస్తే ఆ మాట ఎవరూ నమ్మరు, ఆయన నమ్మేశారు.

మా గ్రామసభ కూడా అయింది. నేను కుర్చీలో కూర్చున్నాను, మాట్లాడింది ఆయన. అందరూ సరేనన్నారు. బావి తవ్వే చోట మొన్న గుర్తులు పెట్టారు. మెరక మీద మా పొలంలో అరటి వేద్దామని ఆయన అంటున్నారు. నాకు ఆ మట్టిలో అరటి బతుకుతుందని లేదు. మనకెందుకులే అని ఊరుకున్నాను.

ఒప్పందం గురించి రాశావు. ఉమ్మడి సభలో చదవాల్సిన కాగితం ఆయన రాసిస్తానన్నారు. సర్పంచిని కాబట్టి చదవాల్సింది నేనేనట. ఏం రాస్తారో ఇంకా తెలీదు. అయినా నువ్వు మాత్రం సభలో గట్టిగా మాట్లాడాలి. హాస్టల్లో వార్డెన్ మేడంతో పప్పులో పురుగులున్నాయని మాట్లాడలేదూ, అలాగ. నాకు అప్పుడూ నోరు రాలేదు, ఇప్పుడూ రాదు. నీ పక్కన నిలబడ్డం వచ్చు, అంతే.

షాలినికి చోళ్ళ పిండి పంపుతున్నాను. అంబలి కాచి ఇవ్వు. మోటారు షెడ్లకి పంపకు, ఇంకెవర్నైనా పంపు.

జీడిపప్పు సంగతి మరిచిపోలేదు.

నీ నేస్తం

*

బుడ్డయ్యపేట,
నవంబరు 2015.

నేస్తానికి,

సభ అయిన దగ్గర్నుంచీ రాద్దామనీ వద్దనీ ఊగిసలాడాను. నువ్వే రాస్తావని చూశాను. కూర్మమ్మ రెండుసార్లు ఖాళీ చేతుల్తో వచ్చింది.

నేను తెలివితక్కువదాన్నేమో, నాకు అర్థమయ్యేలా చెప్పు. నువ్వు లేచి కాగితం చదివావు. "వాల్వు తాళం శాశ్వతంగా తోటవలస పంచాయతీ ఆధీనంలో ఉండును. తోటవలస అవసరములు తీరిన పిదప మిగులు నీరు బుడ్డయ్యపేటకు వదలబడును." అచ్చంగా ఇవే మాటలు. మిగులు నీరు! కలిసి తవ్వే బావిలో మాకు మిగులు!

నీ మొహం చూశాను. నువ్వు నా వైపు చూడలేదు, కాగితం మీదే ఉన్నావు. ఇంజినీరు, "దేవమణి గారూ, మీ పంచాయతీ తరఫున అభ్యంతరం ఏమైనా ఉందా?" అని అడిగాడు. మా వాళ్ళందరూ నా వంక తిరిగారు. నోటిదాకా వచ్చింది. కానీ ఎదురుగా చదివింది నువ్వు. నలుగురిలో నీ మాట కాదని ఎలా అనను? నా నేస్తం ఊరికే ఇలా చదవదు, మొగుడి ముందు ఇలా చదివి తర్వాత ఏదో దారి చూస్తుందిలే అనుకున్నాను. తల దించుకున్నాను. ఇంజినీరు ఏకగ్రీవం అని రాసుకున్నాడు. బావ చప్పట్లు కొట్టాడు.

బయటికొచ్చాక నూకయ్య తాత, "ఏటమ్మా, నోట్లో బెల్లం గానీ ఎట్టుకున్నావేటి?" అని అడిగాడు.

దారి ఏదో చెప్పు నేస్తం. ఉందనే నమ్ముతున్నాను.

షాలినికి ఆడపిల్ల పుట్టింది. అంబలి బాగా పనికొచ్చింది.

నీ నేస్తం

*

తోటవలస,
డిసెంబరు 2015.

నేస్తానికి,

దారి లేదు. నువ్వే దారి అనుకున్నాను.

ఆ కాగితం సభకి బయల్దేరే ముందు ఇచ్చారు. చదివి, ఇలాగైతే వాళ్ళకేం మిగులుతుందండీ అన్నాను. "మన ఊరి గెడ్డ, మన మెరక. తాళం ఆళ్ళ సేతిలో ఎట్టి మనం అడుక్కోవాలేటి? రాసింది రాసినట్టు సదువు" అన్నారు. సరేనన్నాను. సరేనని ఎందుకన్నానో తెలుసా? నువ్వు ఉన్నావని. నేను చదవగానే నువ్వు లేస్తావు, ఇది కుదరదంటావు, మీ వాళ్ళు అరుస్తారు, ఇంజినీరు కాగితం మార్చమంటాడు, నెలకొకరి దగ్గర అన్న పాత మాటే నిలబడుతుంది. ఇంటికొచ్చి, నేను చదివాను, వాళ్ళు ఒప్పుకోలేదు, నన్నేం చెయ్యమంటారు అని చేతులు దులుపుకుందామనుకున్నాను. అందుకే నీ వైపు చూడలేదు. చూస్తే ఏడుపొచ్చేది.

గట్టిగా మాట్లాడమని ముందే రాశానుగా! అంతకంటే విడమరిచి ఎలా రాయను? నీకా మాత్రం తెలీలేదా?

నువ్వు నోరు మూసుకున్నావు. మా అమ్మ ఎప్పుడో చిన్నపిల్లలకి చెప్పిన మాట పట్టుకుని ఊరిని ముంచావు. నేనంటే మొగుడికి భయపడేదాన్ని. నువ్వెవరికి భయపడ్డావు? నాకు కోపంగా ఉంది. నా మీద నాకున్న కోపం కంటే నీ మీద ఎక్కువుంది, ఉన్నమాట రాస్తున్నాను.

ఇంజినీరు దగ్గరికి వెళ్ళు. నేను వెళ్ళలేను, నా కారూ డ్రైవరూ ఆయనే.

పాపకి నలుగుపిండి పంపుతున్నాను.

నేస్తం

*

బుడ్డయ్యపేట,
ఏప్రిల్ 2016.

తోటవలస సర్పంచి గారికి,

సర్పంచి నుంచి సర్పంచికి రాస్తున్నాను, అందుకే ఇలా మొదలుపెట్టాను. నేస్తానికి రాయడానికి నా దగ్గర మంచి మాటలు లేవు.

డిసెంబరులో మీరు రాసిన ఉత్తరం చదివిన రోజు నేను అన్నం తినలేదు. ఊరిని ముంచింది నేనట! కత్తి మీరు పట్టుకుని, మెడ అడ్డుపెట్టలేదని నన్నంటారా? మాట పట్టుకుంటే తప్పయింది. మాట తప్పినవాళ్ళ పొలంలో అరటి తోట లేచింది. మెరక మట్టిలో అరటి బతకదన్నారు, బ్రహ్మాండంగా బతికింది. బస్సులో పోతూ చూశాను. ఆకు ఆకూ ఒళ్ళు చేసి ఉంది.

ఇంజినీరు దగ్గరికి వెళ్ళాను. బావి మీ జిల్లాలో ఉంది కాబట్టి అటు ఆఫీసులో అడగమన్నాడు. అటు వెళ్తే, ఫిర్యాదు చేసిన ఊరు తమ జిల్లాది కాదు కాబట్టి మా జిల్లాలోనే అడగమన్నారు. ఇద్దరూ కుర్చీ వేసి టీ ఇచ్చారు. ఇద్దరూ చివర్లో ఒకే మాట అడిగారు: "మరి సభలో మీరు అభ్యంతరం చెప్పలేదు కదమ్మా?"

కొళాయిలు ఫిబ్రవరిలో తెరిచాం. పాస్టరు గారు ప్రార్థన చేశారు, పిల్లలు పాట పాడారు, నేను కొళాయి తిప్పాను. గాలి వచ్చింది. బుస్సుమని కాసేపు గాలి, తర్వాత ఎర్రగా రెండు చెంబుల నీళ్ళు. మా వాళ్ళు దానికే చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచి ఒక రోజు వస్తే నాలుగు రోజులు రావు. వచ్చిన రోజు కూడా వీధి చివరి ఇళ్ళకి అందవు. షాలిని పసిబిడ్డను చంకనేసుకుని మళ్ళీ మోటారు షెడ్డుకే వెళ్తోంది. నిన్న నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నా మొహం మీదే అన్నారు, "సర్పంచమ్మకి నేస్తరికం ఎక్కువ, మాకు గొంతుక ఎండితే ఆవిడకేటి" అని. చిన్నప్పట్నుంచీ నా చేతి కూడు తిన్నవాళ్ళు!

ఇక నేను అడగను. గెడ్డలో మా వైపు గట్టున బోరు దింపుతున్నాం. మీ బావి కంటే లోతుగా. బోరు మిషను మాట్లాడాం. ఒప్పందంలో వద్దని రాసుందని మీకు గుర్తుంటుంది. మాకు మిగిలింది ఇదొక్కటే.

ఇట్లు,
బుడ్డయ్యపేట సర్పంచి

*

తోటవలస,
మే 2016.

నేస్తానికి,

నువ్వు ఎలా పిలిచినా నేను ఇలాగే రాస్తాను.

బోరు దింపకు. కాళ్ళు పట్టుకుంటాను, దింపకు. ఇసుక కింద ఊట ఒక్కటే నేస్తం, అటొకటి ఇటొకటి లేదు. ఈ ఏడు వానల్లేవు. మా బావిలో నీళ్ళు అడుగంటుతున్నాయి. నువ్వు లోతుగా దింపితే మా బావి ఎండుతుంది. ఆ తర్వాత మీ బోరూ ఎండుతుంది. పోటీపడి తోడితే గెడ్డ అంతా కలిపినా ఒక ఊరికి కూడా చాలదు, ఇద్దరం సర్దుకుని వాడితేనే ఇద్దరికీ వస్తాయి. ఇది నాకు తెలుసు, నీకూ తెలుసు.

అరటి తోట సంగతి నిజం. ట్యాంకు నుంచి గొట్టం తోటకి వేయించారు. మీ ఊరి నీళ్ళు అక్కడికే పోతున్నాయి. ఇన్నాళ్ళూ నేను రాయలేదు, రాస్తే నువ్వు ఏమంటావో తెలుసు కాబట్టి. ఈ మధ్య ఒక రోజు వాల్వు తాళం తీసుకుని నేనే మెరక ఎక్కాను. మీ వైపు తిప్పాను. ఆ రోజు మీకు వచ్చిన నీళ్ళు అవే. సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో రాయను. చెయ్యి కాస్త వాచింది, అంతే, రాయగలుగుతున్నాను. అప్పట్నుంచి తాళం ఆయన మొలతాడుకే ఉంటోంది.

నేను ఆలోచించాను. ఒక్కటే ఉంది. ఉమ్మడి సభ పెట్టమని నువ్వు అడుగు. ఇద్దరు సర్పంచుల్లో ఎవరు అడిగినా పెట్టాలి. సభలో లేచి నన్ను పేరు పెట్టి పిలువు. "పద్మకుమారీ, ట్యాంకు నీళ్ళు ఎవరి తోటకి పోతున్నాయి?" అని అడుగు. నేస్తంగా కాదు, ముక్కూ మొహం తెలియనిదాన్ని అడిగినట్టు అడుగు. అలా అడిగితే నేను నిజం చెప్తాను. ఆయన పక్కనే ఉన్నా చెప్తాను. నాకు నేనుగా లేచి చెప్పే ధైర్యం లేదు, కానీ నువ్వు నిలదీస్తే అబద్ధం చెప్పేంత ధైర్యం కూడా లేదు. నేస్తరికం పోతే పోనీ. నీళ్ళు రానీ.

ఈ ఉత్తరం అందే వరకూ బోరు మిషను ఆపు. కూర్మమ్మని వేరే ఊళ్ళు తిరగొద్దని, తిన్నగా నీ దగ్గరికే వెళ్ళమని పంపుతున్నాను.

నీ నేస్తం

*

బుడ్డయ్యపేట,
జూన్ 2016.

నేస్తానికి,

నీ ఉత్తరం అందింది. కానీ ఆలస్యమైంది. నాకు అందేసరికి బోరు పడిపోయింది, నీళ్ళు కూడా పడ్డాయి. ముందే అందితే ఆపేసేదాన్ని, సభ అడిగేదాన్ని, నువ్వు చెప్పినట్టే చేసేదాన్ని. దేవుడి చిత్తం అలా ఉంది. నీ చెయ్యి ఎలా ఉంది? కాపడం పెట్టు.

మా వాళ్ళ సంబరం నువ్వు చూడలేదు. నీళ్ళు పైకి చిమ్మగానే మా నూకయ్య తాత బట్టలతోనే కింద నిలబడ్డాడు. షాలిని బిడ్డకి ఆ నీళ్ళతోనే తొలిసారి ఇంటి ముందు కొళాయి దగ్గర స్నానం చేయించింది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు నా పేరు చెప్పి స్తోత్రం చేశారు. ఎన్నాళ్ళకో తలెత్తుకుని కూర్చున్నాను. అది కూడా రాయకపోతే అబద్ధమవుతుంది.

మీ బావి ఎండిపోయిందని కూర్మమ్మ చెప్పింది. బాధపడ్డాను. నిజంగా బాధపడ్డాను.

మొన్నట్నుంచి మా బోరులో కూడా ఇసుక వస్తోంది. మోటారు ఆపి ఆపి వేస్తున్నాం. నిన్న గంటసేపు వేస్తే అరబిందె వచ్చింది. ఇవాళ అదీ లేదు. షాలిని పొద్దున్నే బిందె తీసుకుని మళ్ళీ మోటారు షెడ్ల వైపు వెళ్ళింది.

వానలు పడతాయి. పడ్డాక మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం. ఈసారి నేను మాట్లాడతాను, చూడు.

నీ నేస్తం

*

తోటవలస,
జూన్ 2016.

దేవమణికి,

ఉమ్మడి సభకి నోటీసు నీకు పోస్టులో వస్తుంది, అది మావారు రాయించింది. ఇది నేను రాస్తున్నది.

రెండూళ్ళకీ కలిపి ట్యాంకరు అడగాలట. విడివిడిగా అడిగితే ఇవ్వరట, కలిసి తీర్మానం చేసి పంపాలట. అరటి చెట్లు గెలలు వెయ్యకముందే నిలువునా వాలిపోయాయి, అందుకని ఆయనకి ఇప్పుడు సహకారం గుర్తొచ్చింది. "నీ నేస్తానికి ఓ ముక్క రాయే, ఆవిడ నీ మాట కాదనదు" అన్నారు. కాదనదు అని ఎంత నమ్మకంగా అన్నారో! నవ్వొచ్చింది. నీళ్ళు లేక నోరు పిడచకట్టుకుపోయింది, నవ్వడం కూడా కష్టంగానే ఉంది.

కూర్మమ్మ నిన్న వచ్చింది. మా గుమ్మంలో కూర్చుని, గంప దింపకుండానే, తనకి తానుగా చెప్పింది. నేను అడగలేదు. "నా తప్పేటీ లేదమ్మా, తిన్నగానే ఎల్లేను. మిసనీ ఇంకా లారీ మీదే ఉన్నాది. ఆయమ్మ గట్టు మీద నిల్సుని సదువుకున్నాది. రెండోపాలి కూడా సదివింది. కాయితం మడతెట్టి జాకిట్లో ఎట్టుకుని, ఇంక దింపండర్రా అన్నాది" అంది.

దింపినందుకు నాకు నీ మీద కోపం లేదు. షాలిని చంకలో బిడ్డని చూస్తే నేనూ దింపమనేదాన్నేమో. నా ఉత్తరం చదివాను, అయినా దింపాను, మా ఊరికి కావాలి అని రాసి ఉంటే, ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆలస్యమైందని రాశావు. దేవుడి చిత్తమని రాశావు. పైగా కాపడం పెట్టమన్నావు. ఈ ఇంట్లో అందరూ నాతో అబద్ధాలే చెప్తారు, అలవాటైపోయింది. అబద్ధం లేని చోటు ఒక్కటుందనుకున్నాను, ఆ చోటుకే ఇన్నాళ్ళూ ఉత్తరాలు రాశాను.

సభకి రా. రాకపోతే ట్యాంకరు రాదు, మీ ఊరికీ మా ఊరికీ కూడా. ఎదురెదురుగా కూర్చుందాం. ఆయన రాసిచ్చింది నేను చదువుతాను, నీకు నచ్చింది నువ్వు చెప్పు. సంతకాలు పెట్టి ఎవరి దారిన వాళ్ళం పోదాం. కూర్మమ్మని ఇక ఈ పనికి పంపను.

వచ్చేటప్పుడు తాగడానికి నీళ్ళు మీరే తెచ్చుకోండి. మా స్కూల్లో లేవు.

పద్మకుమారి